అంగసంధానము – సౌందర్యదృష్టి



తిరుమలలో కల్యాణకట్టకు పోయి తలనీలాలు సమర్పించినవారిలో నీలాదేవి కథ విననివారు అరుదు. స్వామి శిరస్సుపై గొల్లవాని గొడ్డలి దెబ్బ తగిలి, ఆ చోట కేశములు పోయి మచ్చ యేర్పడెనట. గంధర్వకన్యయైన నీలాదేవి ఆ లోపమును చూచినది. చూచి, తన కురులలో కొంత కోసి ఆ చోట అతికినది. ఆమె చేసిన త్యాగమునకు స్వామి కరగి, తన కొండకు వచ్చువారు అర్పించు కేశములన్నియు ఆమెకే చెందునని వరమిచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఏడు కొండలలో నీలాద్రి ఆమె పేరనే వెలసినది. ఇది జనశ్రుతి. దీనికి ప్రమాణ శ్లోకమెక్కడ అని అడుగువారితో నాకు వాదము లేదు. కథ మాత్రము నాకిష్టము.

దీనినిప్పుడు జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. రెండు నెలల క్రితము పత్రికా కార్యాలయము ద్వారా నాకొక ఉత్తరము చేరినది. వ్రాసినవారు ఒక ఆడపిల్ల తండ్రి. అమ్మాయి చదువు ముగించి ఉద్యోగము చేయుచున్నదట. ముక్కుకు ఆపరేషను చేయించుకొందునని పట్టుపట్టినదట. “భగవంతుడిచ్చిన రూపమును కత్తితో మార్పించుకొనుట పాపము కాదా? శాస్త్రవచనమొకటి చూపుడు, దానికి వినిపించెదను” అని ఆయన అడిగిరి. ఉత్తరము చదువగనే నాకు స్పష్టమైనది ఒకటే. ఆయనకు కావలసినది సమాధానము కాదు, కూతురి నోరు మూయించుటకొక ఆయుధము. అట్టి ఆయుధము శాస్త్రములో దొరకునా యని నేనును వెదకితిని. దొరకలేదు. దొరికినది వేరు.

శరీరమును అతుకుట, సరిదిద్దుట మన పెద్దలకు నింద్యము కాదు. యజ్ఞపురుషుని తెగిన శిరస్సును అశ్వినీదేవతలు మరల సంధించిరి గనుక ఆయుర్వేదాంగములలో శల్యతంత్రమే మొదటిదని సుశ్రుతసంహిత ఆరంభముననే చెప్పుచున్నది. ఆ గ్రంథము సూత్రస్థానములో పదునారవ అధ్యాయము పూర్తిగా ఈ విషయమే. మొదట చెవి. పిల్లలకు చెవులు కుట్టుట మన ఇండ్లలో నేటికిని సంస్కారము. బరువైన నగలకు తమ్మెలు సాగి తెగుట మన అమ్మమ్మల చెవులలో చూచినదే. అట్లు తెగిన చెవిని అతుకుటకు సుశ్రుతుడు పదునైదు విధములు చెప్పినాడు. ఆ తరువాత ముక్కు. పోయిన ముక్కు ఎంతయో అంత ఆకును కత్తిరించి, ఆ కొలతకు చెక్కిలి నుండి మాంసమును, మొదలు తెగకుండ, తీయవలెను. ముక్కు మొండిని గీరి దానిపై కూర్చి కట్టవలెను. ఊపిరి ఆడుటకు రెండు గొట్టములుంచవలెను. అతిమధురము, రసాంజనము మొదలగువాని చూర్ణము చల్లి, దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. మాంసము చాలకున్న పెంచవలెను, మిగిలిన కోసివేయవలెను. పెదవికిని ఇదియే విధి, గొట్టములు మాత్రము అక్కరలేదు.

పాఠశాలలో మాకు కావ్యపాఠము చెప్పిన గురువుగారికి వైద్యములోను ప్రవేశముండెను. ఈ ఘట్టము వచ్చినప్పుడు వారు తమలపాకును గోటితో గిల్లి నా ముక్కుపై పెట్టి, “కొలత ఇట్లు తీయవలెనురా” అని చూపిరి. తోటివారు నవ్విరి. గురువుగారు నవ్వలేదు. ముక్కు పోయినవాడు నలుగురిలో తల యెత్తలేడనియు, వాని తల నెత్తించువాడు అన్నదాత కంటె తక్కువ కాదనియు చెప్పిరి. శిష్యులు గుమ్మడి, సొర, దోస కాయలపై కోత నేర్వవలెననియు, చెవి అతుకుటను మెత్తని మాంసముపైనను కలువతూడులపైనను అభ్యసింపవలెననియు సుశ్రుతుడు వ్రాసిన సంగతి నాకు వారి వలననే తెలిసినది. గాయము మానిన తరువాత మచ్చ తెల్లబడిన నలుపు తెప్పించుటకు కృష్ణకర్మ, నల్లబడిన తెలుపు తెప్పించుటకు పాండుకర్మ, రాలినచోట వెండ్రుకలు మొలిపించుటకు రోమసంజననము – ఇవియు ఆయన చెప్పిన అరువది వ్రణోపక్రమములలోనివే. బ్రతికించుట వరకే వైద్యుని పని, రూపము సంగతి మాకేల అని ఆయన అనలేదు.

ఈ విద్య మన దేశమున ఎంతకాలము ఎవరి చేతులలో నిలిచినదో వినిన ఆశ్చర్యము కలుగును. 1792లో ఆంగ్లేయులకును టిప్పు సుల్తానుకును జరిగిన యుద్ధములో కవాస్‌జీ అను ఎడ్లబండివాడు ఆంగ్లసైన్యమున పనిచేయుచు పట్టుబడెను. వాని ముక్కును, ఒక చేతిని నరికి పంపిరి. ఏడాది గడచిన తరువాత పుణెకు చేరువలో ఒకడు వానికి ముక్కు చేసి పెట్టెను. పలుచని మైనపు రేకును ముక్కు ఆకారమునకు అమర్చి, దానిని నుదుటిపై పరచి గీత గీసి, ఆ మేర చర్మమును లేపి, కనుబొమల నడుమ మాత్రము తెగకుండ నిలిపి, క్రిందికి త్రిప్పి అతికెను. ఇద్దరు ఆంగ్ల వైద్యులు ప్రక్కన నిలిచి చూచిరి. 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మేగజీన్ ఈ వృత్తాంతమును ప్రకటించినది. దానిని చదివిన కార్ప్యూ అను వైద్యుడు చిరకాలము సాధన చేసి, 1814లో అక్కడ అట్టి శస్త్రచికిత్స చేసి, 1816లో గ్రంథము వ్రాసెను. పుణె వైద్యుడు ఇటుకల పనివారి కులస్థుడని ఆ పత్రిక చెప్పినది. మావంటివారము శ్లోకములు వల్లెవేయుచు కూర్చుంటిమి. పనిని ఆతడు చేతిలో నిలుపుకొనెను. ఇది ఒప్పుకొనవలసిన విషయము.

ఇప్పుడు దీనిని ప్లాస్టిక్ సర్జరీ అనుచున్నారు. బిందెలు చేయు ప్లాస్టిక్కుతో దీనికి సంబంధము లేదు. మలచుట అను అర్థము గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది.

ఈ సందర్భమున తల్లులకొక మాట చెప్పక ముందుకు పోలేను. మా వీథిలో నా చిన్నతనమున ఒక బాలిక యుండెడిది. పైపెదవి చీలి పుట్టినది. పాలు త్రాగిన ముక్కు నుండి కారెడివి. బడికి పంపలేదు, పెండ్లి కాలేదు. అందరును దానిని గ్రహణపు మొర్రి అనిరి. గ్రహణము నాడు కత్తిపీట ముట్టితివని ఆ తల్లిని అత్తవారు జీవితాంతము దెప్పిరి. గర్భములో పెదవి రూపొందుట మొదటి ఏడు వారములలోనే ముగియునని, ఆ భాగములు కలియకపోవుటయే ఈ చీలికకు కారణమని వైద్యులు చెప్పుచున్నారు. గర్భము నిలిచినదని తల్లికి నిశ్చయముగా తెలియక మునుపే ఆ చీలిక యేర్పడి పోవును. గ్రహణమునకు దీనితో పని లేదు. గ్రహణకాలమున స్నానజపములు చేయువారు చేయవలసినదే, తల్లిపై నింద మోపుట మాత్రము ధర్మము కాదు. పెదవిని సాధారణముగా మూడు నెలలకు, ఆరు నెలలకు నడుమ కుట్టుదురు. అంగిలి చీలినచో పిల్లకు మాటలు వచ్చులోపల, ఏడాది ఏడాదిన్నర ప్రాయమున, సరిచేయుదురు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పరీక్షింపవలసిన జన్మలోపములలో దీనిని చేర్చినది. మీ ఇంటనో పొరుగింటనో ఇట్టి శిశువు పుట్టినచో దైవము వ్రాత యని ఊరకుండక, సర్కారు ఆసుపత్రికి పోయి విచారింపుడు. ఆ బాలికకు అట్టి చికిత్స దొరకియుండిన ఆమె బ్రతుకు వేరుగా నుండెడిది.

భగవంతుడు ఇచ్చిన రూపమును మార్పరాదను వాదమునకు భాగవతములోనే సమాధానమున్నది. మథురా వీథిలో కంసునికి చందనము తీసికొని పోవుచున్న గూనిదానిని కృష్ణుడు చూచెను. మూడు వంకరలుండుటచే త్రివక్ర యని ఆమెను పిలిచెడివారు. పాదములతో ఆమె పాదములను అదిమి, గడ్డము క్రింద రెండు వ్రేళ్ళుంచి పైకెత్తగా ఆమె నిటారుగా నిలిచినది. రూపము మార్చుట దైవమునకు వ్యతిరేకమైనచో దైవమే ఆ పని చేయునా? ఇంతవరకు అందరును చెప్పునదే. నేను పలుమారు పురాణము చెప్పియు చాలకాలము గమనింపనిది మరియొకటి కలదు. స్వామి ఆమెను సరిచేయక మునుపు ఏమని పిలిచెను? గూనీ అని కాదు, త్రివక్రా అని కాదు. సుందరాంగిని పిలిచినట్లు పిలిచి, ఈ చందనమెవరికని అడిగెను. వ్యాసులవారును ఆమెను మొదట వర్ణించునప్పుడే మంచి ముఖము గల యువతి యనిరి. తన పేరే త్రివక్ర యని ఆమె చెప్పుకొన్నది. స్వామి ఆ పేరు పలుకలేదు. పిలుపు ముందు, చికిత్స తరువాత.

అష్టావక్రుని సంగతియు ఇట్లే. జనకుని సభలో ఆయన వంకరలను చూచి నవ్విరను కథ లోకములో చెప్పుకొనునది. భారతములో ద్వారపాలకుడు అడ్డగించినది ఆయన బాల్యమును చూచి. ఏమైనను, వంకరలతోనే వందిని గెలిచినాడు, తండ్రిని విడిపించినాడు. ఆ తరువాత తండ్రి మాటపై సమంగానదిలో మునిగి ఋజుదేహుడైనాడు. అట్లగుట వలన ఆయన బ్రహ్మజ్ఞానమునకు కొరత రాలేదు.

ఇంతవరకు దారి తిన్నగానే యున్నది. చీలిన పెదవి, కాలిన చర్మము, యాసిడు పోయబడిన ముఖము – వీనికి చికిత్స వలదనువాడు మనుష్యుడు కాడు. ఉత్తరము వ్రాసినవారి అమ్మాయి ముక్కు తెగలేదు, కాలలేదు. అది కొంచెము చప్పిడిదట, అంతే. ఇట్టిచోట శాస్త్రము విధింపలేదు, నిషేధింపలేదు. లౌకికముగా చెప్పవలసినది కొంత కలదు. మత్తుమందు లేక కత్తి లేదు, మత్తుమందుకు అపాయము లేకపోలేదు. ముక్కు లోపలి మృదులాస్థిని కదపునప్పుడు ఊపిరి దారి ఇరుకగుటయు, మరల కోయవలసి వచ్చుటయు కలదు. దేహమున లేని లోపమును మనస్సు చూచుచుండు వ్యాధియొకటి కలదనియు, అట్టివారికి ఎన్ని కోతలు కోసినను తృప్తి కలుగదనియు వైద్యులే చెప్పుచున్నారు. మంచి వైద్యుడు అట్టివారిని కోయక త్రిప్పి పంపును. ఇవి యెరిగి, తన సొమ్ముతో, తన యిష్టముచే చేయించుకొను యువతిని పాపిష్ఠి యనుటకు నాకు ప్రమాణము కనబడలేదు.

అయినను నా మనస్సు శాంతింపలేదు. ఆమెకు తన ముక్కు చప్పిడిదని ఎట్లు తెలిసినది? పుట్టిన శిశువునకు తన ముక్కు పొడవో పొట్టియో తెలియదు. ఎవరో చెప్పవలెను.

1914లో ఆరంభమైన ప్రపంచయుద్ధమున తుపాకి గుండ్లకు ముఖములు చెదరిన సైనికుల కొరకు, 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్ అను చోట ఆసుపత్రి వెలసినది. హెరాల్డ్ గిలీస్ అను వైద్యుడు అక్కడ వేలకొలది ముఖములను మరల నిర్మించెను. ఆ ఆసుపత్రి నుండి ఊరిలోనికి పోవు దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసిరట. ఏల? దానిపై కూర్చున్నవాని ముఖము చూచి మీరు జడిసికొనవచ్చును సుమా, అని ఊరివారికి ముందుగా తెలుపుటకు. దేశము కొరకు ముఖమును ఇచ్చినవానికి ఊరు చూపిన గౌరవము ఒక నీలిబల్ల. గిలీస్ అతుకగలిగినది ముఖమును. బల్లపై కూర్చున్నవాని వంక చూడలేని కన్నులకు ఆయన చేయగలిగినదేమున్నది?

మనకు నీలిబల్లలు లేవు, పెండ్లిచూపుల చాపలున్నవి. నీలమేఘశ్యాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పోసి, ఇంటికి వచ్చి “పిల్ల రంగు కొంచెము తక్కువ” అనుచున్నాము. ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె నలుపును బట్టియే వచ్చినదని పాఠము చెప్పు మేమును అనుచున్నాము. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ అను లేపనము 2020లో ఆ పేరులోని తెలుపును తీసివేసికొన్నది. పెండ్లి ప్రకటనలలో ఆ మాట ఇంకను పోలేదు.

కుమారసంభవము ఐదవ సర్గలో కాళిదాసు ఒక విచిత్రమైన పెండ్లిచూపు చూపించినాడు. తపస్సు చేయుచున్న పార్వతి యొద్దకు పరమశివుడే బ్రహ్మచారి వేషమున వచ్చి వరుని లోపములు ఏకరువు పెట్టును. కన్నులు వికృతములట, పుట్టుక తెలియదట, కట్టుటకు బట్టయే లేదట. పార్వతి సమాధానము చెప్పి, అతడు మరల పెదవి కదుపగనే లేచి పోబోవును. మహాత్ములను నిందించువాడే కాదు, కూర్చుండి వినువాడును పాపమున భాగస్వామి యని ఆమె అభిప్రాయము. ఈ సర్గను నేను ముప్పది యేండ్లు పాఠము చెప్పితిని.

చెప్పుచున్న కాలముననే ఈ క్రిందిది జరిగినది.

పండ్రెండేండ్ల క్రితము, గోదావరి తీరమున ఒక పట్టణమునకు మా మేనల్లుని పెండ్లిచూపులకు పెద్దరికము వహించి పోయితిని. నా ప్రక్కన సహపాఠియైన మరియొక పండితుడు కూర్చుండెను. అమ్మాయి ఫలహారముల పళ్ళెము తెచ్చి మా ముందుంచినది. చక్కని పిల్ల. ముక్కు చప్పిడిది. పాణిని మహర్షి చప్పిడి ముక్కును చెప్పుటకు మూడు మాటలు సాధించి పెట్టినాడు – అవటీటము, అవనాటము, అవభ్రటము. నేను మిత్రుని వైపు వంగి, “మహర్షి మూడు మాటలును దీని కొరకే దాచి యుంచెను కాబోలు” అని సంస్కృతములో అని, ఆ మూడింటిని వరుసగా వల్లించితిని. అతడు నవ్వెను, నేనును నవ్వితిని. దేవభాషలో అన్న మాట ఎవరికి తెలియునులే యను ధీమా. మరునాడు జాతకములు కుదరలేదని కబురు పంపితిమి. జాతకములు కుదిరినవి.

నిరుడు ఒక దేవాలయమున కుబ్జానుగ్రహ ఘట్టము చెప్పి లేచుచుండగా, ఒక ఇల్లాలు నాలుగైదేండ్ల పాపను చేతబట్టుకొని వచ్చి నమస్కరించెను. “గురువుగారూ, ఇప్పుడు పాణిని ఏమంటాడండీ?” అని అడిగెను. నాకు అర్థము కాలేదు. ఆమె మూడు మాటలను పలికినది, వరుస తప్పకుండ.

“ఇంటరులో సంస్కృతం తీసుకున్నది మార్కుల కోసమేనండి. ఆ రోజు మీరన్నది అర్థం కాలేదు. కానీ మీరిద్దరూ నవ్వారు కదా, నాకు ఆ మాటలు గుర్తుండిపోయాయి. రాత్రి డిక్షనరీ తీసి చూశాను.”

హైదరాబాదులో ఉద్యోగము చేసి రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఆపరేషను చేయించుకొన్నదట. బాగుగనే కుదిరినది. నేను చూచుచునే యున్నాను గదా, గుర్తుపట్టలేకపోయితిని. వివాహమైనది, భర్త మంచివాడు, అతనికి పాత ముక్కు ఫొటోలలోనే తెలియునట. నన్ను నిందించుటకు వచ్చితినని ఆమె అనలేదు. పాపమా, పుణ్యమా అని అడుగలేదు.

“అది మా అమ్మ ముక్కండీ. అమ్మమ్మదీ అదే. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఇదివరకు అద్దంలో చూసుకుంటే అమ్మ కనబడేది. ఇప్పుడు కనబడదు.” కొంతసేపు ఆగి, పాప తలపై చేయి వేసి, “దీనికి వచ్చింది చూడండి. రేపు పాత ఫొటోలు చూసి, నువ్వెందుకు మార్చుకున్నావమ్మా, నాదీ బాగాలేదా అని అడుగుతుంది. ఏం చెప్పమంటారు?” అనెను.

గంటసేపు కుబ్జ కథ చెప్పి దిగిన నోట మాట రాలేదు. చివరకు, “నా పేరు చెప్పమ్మా. ఫలానా పంతులు, ముసలివాడు, బుద్ధి లేక ఒక మాట అన్నాడని చెప్పు” అంటిని. మేనల్లుని జాతకము సంగతియు దాచక చెప్పితిని. అందరి యెదుట చేతులు జోడించితిని. ఆమె వలదనలేదు, సరేననియు అనలేదు. పాపకు తీర్థమిప్పించుకొని వెళ్ళిపోయినది.

ఉత్తరము వ్రాసిన మహాశయా! మీకు సమాధానము ఆలస్యమగుటకు కారణమిది. మీ అమ్మాయికి వినిపింపదగిన నిషేధవచనము నా యొద్ద లేదు. ఆమె చెంత కూర్చుండి, ఆ మాట మొదట ఎవరన్నారో అడుగుడు. చెప్పుటకు సమయము పట్టవచ్చును, తొందరపెట్టవలదు. మీ ఇంటివారే అనియుండినచో, అది మీరే యైనను, ఆమె యెదుట ఒప్పుకొనుడు. ఆ తరువాతను ఆమె ఆపరేషనే కావలెననినచో, యోగ్యత గల వైద్యుని విచారించి, అపాయములేవో అడిగి తెలిసికొని, ఆ దినమున మీరును వెంట పోయి ఆసుపత్రి వరండాలో కూర్చుండుడు.